వెన్నపూసకి నొప్పేంటండీ బాబూ!

పొద్దున్నుంచీ ఒళ్లు మండిపోతోంది. ఇక్కడ కక్కేస్తే గానీ అన్నం సహించేలా లేదు.

అమ్మని ఫిజియోథెరపీకి తీసుకెళ్లాను, బెజవాడలో. మా వంతు వచ్చేలోపు చదువుకోండి అని చేతిలో ఒక కరపత్రం పెట్టారు. నిగనిగలాడే కాగితం, నీలం రంగు అస్థిపంజరం, నడుం దగ్గర ఎర్రటి మెరుపులు. పైన బొటనవేలంత అక్షరాల్లో "వెన్నపూస నొప్పులకు ఆధునిక చికిత్స".

వెన్నపూస! చల్ల చిలికితే కవ్వానికి అంటుకునేది. పిల్లల నోట్లో పెట్టేది. దానికి నొప్పేంటి? పెనం మీద వేస్తే కరుగుతుంది, దాని కష్టాలన్నీ అక్కడితో సరి. దానికి మళ్లీ పది సిట్టింగులూ, ప్యాకేజీ, ముందే కడితే డిస్కౌంటూ!

కౌంటర్లో అమ్మాయికి చూపించాను. "ఇక్కడ కొమ్ము పడాలమ్మా, న్న కాదు, న్ను" అన్నాను. ఆ పిల్ల కాగితం వంక కూడా చూడలేదు. "ఏదోటి లెండి మేడమ్, అందరికీ అర్థమవుతుందిగా" అంది. అదే కాగితం మీద ఇంగ్లీషులో స్పాండిలోసిస్ ఉంది చూడండి, అంత పొడుగు మాటలో ఒక్క అక్షరం పొల్లుపోలేదు. అక్కడ తప్పు పడితే పరువు పోతుంది. తెలుగులో పడితే ఏదోటి లెండి.

సరే, కొమ్ము సంగతి నవ్వి ఊరుకుందును. కాగితం తిప్పితే వెనకాల ఇంకో రత్నం. "డిస్క్ అరగడం వల్ల వెన్నుపాము జారిపోతుంది". మా అమ్మ ఐదో తరగతి దాకా చదివింది, తెలుగు గడగడా చదువుతుంది. అదే కొంప ముంచింది. "పాము జారడమేంటే? ఎక్కడికి జారుద్ది?" అని అడిగింది. ఏం కాదమ్మా, తప్పు పడింది అన్నాను. తలూపింది. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో బెంజి సర్కిల్ దాటేదాకా వీపు సీటుకి ఆనించలేదండీ. ముందు కడ్డీని రెండు చేతులతో పట్టుకుని, గతుకు వచ్చినప్పుడల్లా కళ్లు మూసుకుంటూ కూర్చుంది. ఆనుకుంటే లోపలది నలుగుతుందేమోనని. ఆ కాగితం వేయించినవాళ్లని అదే ఆటోలో అమ్మ పక్కన కూర్చోబెట్టాలనిపించింది.

పూస వేరు, పాము వేరు మహాప్రభో! పూస అంటే ఎముక. పుట్టినప్పుడు మొత్తం 33. మెడలో 7, ఛాతీ వెనక 12, నడుంలో 5, దాని కింద త్రికాస్థిలో 5, చివర తోక దగ్గర 4. ఆఖరి తొమ్మిదీ పెద్దయ్యేసరికి అతుక్కుపోయి రెండు ఎముకల కిందే లెక్క. (జిరాఫీకి కూడా మెడలో 7 పూసలేనట, మనకున్నన్నే. ఇది తెలిసినప్పటి నుంచీ నా పొట్టి మెడ మీద నాకు బెంగ పోయింది.) పూసకీ పూసకీ మధ్య మెత్తటి దిండులాంటిది డిస్కు. మనవాళ్లు గుజ్జు అంటారు. "గుజ్జు అరిగిపోయింది" అని ఏ పల్లెటూరి ముసలమ్మయినా చెబుతుంది, ఆ కరపత్రం కన్నా వెయ్యి రెట్లు నయంగా.

ఇక వెన్నుపాము. మెదడు నుంచి ఆ పూసల మధ్య సొరంగంలోకి దిగే నరాల తాడు. ఆ తాడు నడుం కింద దాకా రాదు. పెద్దవాళ్లలో నడుం మొదటి రెండు పూసల దగ్గరే ఆగిపోతుంది, పొడుగు సుమారు 45 సెంటీమీటర్లు. ఆ కింద ఉండేవి విడివిడి నరాల పోగులు, గుర్రం తోకలాగా. దానికి లాటిన్‌లో పెట్టిన పేరుకి అర్థం కూడా గుర్రపు తోకే. మా అమ్మ డిస్కు జరిగింది నడుం నాలుగో పూసకీ అయిదో పూసకీ మధ్య. పాము అక్కడ లేనే లేదు! లేని పాముని జార్చేశారు.

ఈ గందరగోళం వల్లే కదా, వెన్నులోంచి నీరు తీయాలంటే చాలు, "వద్దమ్మా, కాళ్లు పడిపోతాయి" అని చుట్టాలంతా ఆస్పత్రి వరండాలో సభ పెడతారు. ఆ సూది గుచ్చేదే పాము ఆగిపోయిన చోటుకి కింద. చెబితే వినరు. పాము అన్న మాట ఒక్కటే చెవిలో పడుతుంది.

అసలు నన్నడిగితే వెన్నెముక అన్న మాట కన్నా మన పూస అన్నదే సరైన మాట. వెన్ను, ఎముక, ఉత్వసంధి, బాగానే ఉంది. కానీ వింటే ఒకటే పొడుగాటి ఎముక, కర్రలాగా ఉన్నట్టుంటుంది. కర్రయితే వంగి చెప్పులు ఎలా వేసుకుంటాం? సంస్కృతంలో పృష్ఠవంశం అన్నారు. వంశం అంటే వెదురు. కణుపులున్నాయి కదా, ఆ మాటా బాగుంది. పూస ఇంకా బాగుంది, దారానికి గుచ్చిన దండలాగా.

మన బడి పుస్తకాలు మాత్రం కశేరుకం అన్నాయి. ఏడుస్తూ బట్టీ కొట్టాం.

ఇంకో మాట. పేపర్లలో, పోస్టర్లలో ఎన్నడైనా "వెన్నపోటు" అని అచ్చుతప్పు చూశారా? చూడరు. 1984 ఆగస్టులో నాదెండ్ల భాస్కరరావు ఎన్టీఆర్‌ని గద్దె దింపినప్పటి నుంచీ మన నాయకులు ఒకళ్లనొకళ్లు తిట్టుకోవడానికి అరగదీసిన మాట అది. దాని కొమ్ము ఎప్పుడూ జారదు. రైతే దేశానికి వెన్నెముక అనే బ్యానర్లోనూ తప్పు పడదు, ఎన్నికలప్పుడు. పేషెంటు చేతికిచ్చే కాగితంలోనే కొమ్ము బరువైపోతుంది.

ఇదంతా కడుపు మండి ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. అందరికన్నా ముందు మా బావగారు. "నీ తెలుగు మీడియం బుద్ధి పోలేదమ్మా. స్పైన్ అంటే సరిపోలా?" పక్కన మూడు నవ్వు బొమ్మలు. దానికి మా అక్క ఒక లైకు.

సరిపోదు బావగారూ. ఇంటర్లో చేరిన వారం, కశేరుకం అన్నందుకు జువాలజీ లెక్చరర్ నన్ను నిలబెట్టి క్లాసంతా నవ్వించినప్పుడూ సరిపోలేదు, ఇప్పుడూ సరిపోదు. మా అమ్మకి స్పైన్ అంటే తెలియదు. మీ అత్తగారే ఆవిడ, గుర్తుందా?

వెన్ను గురించి మీరే ఎత్తారు గనక అడుగుతున్నా. నాన్న పెద్దకర్మ రోజు, షామియానా కింద, అందరూ వింటుండగా "వెన్నుదన్నుగా నేనుంటాను" అన్నారు. అప్పుడు తెలుగు ఎంత చక్కగా పలికారో! ఒక్క అక్షరం తడబడలేదు. పోయిన నెల అమ్మ మంచం దిగలేకపోతే రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాను. నాలుగుసార్లు. పొద్దున్నే "మీటింగ్‌లో ఉన్నా, ఇప్పుడే చూశా" అని మెసేజ్. రాత్రి పదకొండింటికి ఏం మీటింగండీ? పక్కింటి అబ్బాయి, నేనూ కలిసి దుప్పట్లో పెట్టి మోశాం అమ్మని, రెండంతస్తులు, మెట్ల మీదుగా. మీకు కొమ్ములూ గుజ్జులూ నవ్వులాట.

అక్కా, నువ్వూ చదువుతావని తెలుసు. దీనికి కూడా లైకు కొట్టావో, ఊరుకోను.