కౌన్సిలర్ ఫోన్ చేస్తే ఎందుకంత కంగారు?

పోయిన ఏడాది అక్టోబర్‌లో, ఇక్కడ అమెరికాలో మా అమ్మాయి చదివే హైస్కూల్ నుంచి ఫోన్ వచ్చింది, చేసింది స్కూల్ కౌన్సిలర్. "మీ పాప కొన్ని వారాలుగా లంచ్ టైంలో ఒక్కతే లైబ్రరీలో కూర్చుంటోంది, ఒకసారి మీరు వస్తే మాట్లాడదాం" అందావిడ. దానికి నేను అడిగిన మొదటి ప్రశ్న ఏంటో తెలుసా, "ఇది రికార్డ్‌లోకి ఎక్కుతుందా అండీ?" అని. పిల్ల ఎలా ఉంది అని అడగాలని తట్టనే లేదు. తర్వాత మన వాళ్ళలో ఇద్దరు ముగ్గురిని కదిపితే వాళ్ళూ ఇదే అడిగారట, ఒకాయనైతే "మేం ఇంట్లో చూసుకుంటాం" అని పెట్టేశాడట.

ఈ భయం మనం ఇండియా నుంచి సూట్‌కేస్‌లో ఆవకాయతో పాటు తెచ్చుకున్నదే. ఇంటర్లో మార్కుల్ని బట్టి సెక్షన్లు మార్చే కాలేజీల్లో చదివినోళ్ళం, అక్కడ దిగులుగా ఉందంటే వీక్ స్టూడెంట్ అని ముద్ర పడేది, అందుకే నోరు మూసుకుని చదివాం, అదే గొప్ప అనుకున్నాం. ఇక్కడ సంగతి వేరు. కాలేజీ అప్లికేషన్‌తో స్కూల్ నుంచి ముఖ్యంగా వెళ్ళేవి ట్రాన్స్‌క్రిప్ట్ (మార్కుల రికార్డ్), రెకమెండేషన్ లెటర్లు. యాంగ్జైటీ వల్ల పిల్లకి 504 ప్లాన్ పెట్టించినా (వైకల్యం ఉన్నవాళ్ళ హక్కుల కోసం 1973లో వచ్చిన చట్టంలో సెక్షన్ నంబర్ అది, పరీక్షకి ఎక్కువ టైమో, వేరే గదో ఇస్తారు) ఆ మాట ట్రాన్స్‌క్రిప్ట్ మీద ఉండదు.

అలాగని స్కూళ్ళు అన్నీ బ్రహ్మాండంగా చేస్తున్నాయని నేననను. ఒక కౌన్సిలర్‌కి 250 మంది పిల్లలకి మించకూడదని వాళ్ళ జాతీయ సంఘమే చెప్తుంది, దేశం మొత్తం సగటు చూస్తే 370 దాటే ఉంటోంది. పైగా కోర్సులు మార్చేదీ ఆవిడే, కాలేజీకి రెకమెండేషన్ రాసేదీ ఆవిడే, మరి అలాంటి మనిషి దగ్గరికెళ్ళి "నాకు రాత్రుళ్ళు నిద్ర పట్టట్లేదు" అని ఏ పిల్ల చెప్తుంది? ఈ చదువుల పనీ, పిల్లల దిగులు వినే పనీ ఒకరికే అప్పజెప్పకండి అని స్కూల్ బోర్డ్ మీటింగ్‌లో మనం అడగాలి. ఆ మీటింగులకి మనం క్లాసుల లెవెల్ గొడవ ఉంటే తప్ప వెళ్ళం, అది వేరే కథ.

ఇంకోటి, మన ఇళ్ళల్లో ఉండే ఒక దిగులు స్కూల్‌కి అసలు తెలీదు, అదే హెచ్4, అంటే హెచ్1బీ వీసా మీద ఉద్యోగం చేసేవాళ్ళ భార్యకో భర్తకో, పిల్లలకో ఇచ్చే డిపెండెంట్ వీసా. పిల్లలకి 21 నిండితే ఆ వీసా పోతుంది, గ్రీన్ కార్డ్ లైను కదలదు, ఫ్రెండ్స్ అందరూ సమ్మర్ జాబ్ చేస్తుంటే వీళ్ళు చేయకూడదు, ఫెడరల్ ఫైనాన్షియల్ ఎయిడ్ రాదు. మనం కిచెన్‌లో గుసగుసగా మాట్లాడుకుంటాం, పిల్లలకి అన్నీ వినపడతాయి.

మన అసోసియేషన్ ఈవెంట్లలో ఎస్‌ఏటీ (కాలేజీ అడ్మిషన్ పరీక్ష) సెషన్‌కి గంటన్నర ఇస్తున్నాం కదా, అందులో ఓ అరగంట తీసి లోకల్ స్కూల్ కౌన్సిలర్‌నే పిలిచి, ఆవిడకి మన పిల్లల సంగతి మనం చెప్తే ఎలా ఉంటుంది? మానసిక ఆరోగ్యం మీద స్పీచ్ అంటే ఎవరూ రారు, నేనూ రాను. నోటీస్ కింద మాత్రం 988 నంబర్ వేయండి, ఆత్మహత్య ఆలోచనలు, మానసిక సంక్షోభంలో ఉన్నవాళ్ళకి సాయం చేసే హెల్ప్‌లైన్ అది, 2022 జులై నుంచి ఉంది, పిల్లలు కాల్ చేయడానికి మొహమాటపడితే టెక్స్ట్ కూడా చేయొచ్చు.

చివరికి నేనూ మా ఆయనా వెళ్ళాం. మా అమ్మాయికి పదహారు, ఐదేళ్ళ తర్వాత ఏంటి అని ఒక్కతే లెక్కలేసుకుంటోందట. కౌన్సిలర్‌కి హెచ్4 అంటే ఏంటో తెలీదు, మా ఆయన ఇరవై నిమిషాలు వివరించాడు, ఆవిడ నోట్‌ప్యాడ్ మీద రాసుకుంది. పక్కన కూర్చున్న మా అమ్మాయి మాత్రం ఆవిడ వైపు చూడలేదు, వాళ్ళ నాన్న మొహమే చూస్తూ ఉంది. ఈ విషయం ఆయన దాని ముందు గట్టిగా మాట్లాడటం అదే మొదటిసారి.