గంట ముందే వచ్చిన ఓడ

ఓడలో కిటికీ లేని గది చవక. ఆ ముక్క తెలిశాక మా అమ్మాయి ఎంత మొత్తుకున్నా నేను వినలేదు. "నాన్నా, ఇంకొంచెం పెడితే సముద్రం కనిపించే గది వస్తుంది" అంది. ఓడకి నాలుగు వైపులా ఉండేది సముద్రమే కదా, పైకెక్కితే ఊరికే కనిపిస్తుంది, పడుకునే గదిలోకి కూడా ఎందుకమ్మా అన్నాను. ముప్పై నాలుగేళ్ళు బ్యాంకులో లోన్ల సీట్లో కూర్చున్నవాణ్ణి. "ఇంకొంచెం పెడితే" అన్న మాట చెవిన పడగానే నా చెయ్యి దానంతటదే పెన్నుకి మూత పెట్టేస్తుంది.

అమ్మాయి హాంగ్‌కాంగ్‌లో ఉద్యోగం చేస్తోంది. చూసిపోదామని నవంబరులో రాజమండ్రి నుంచి వెళ్ళిన మా ఇద్దరినీ ఆరు రాత్రుల ఓడ ప్రయాణానికి పంపింది. హాంగ్‌కాంగ్‌లో ఎక్కి, తైవాన్‌లో కీలుంగ్, జపాన్‌లో నాహా చూసి, మళ్ళీ హాంగ్‌కాంగ్‌లో దిగాలి. గది, తిండి, రాత్రిపూట పాటలూ డాన్సులూ అన్నీ టికెట్లోనే. హోటల్ ఖర్చుతో పోల్చి రెండుసార్లు లెక్క వేశాను. రెండుసార్లూ ఓడే నెగ్గింది.

ఓడ ఎక్కే చోటు కైటాక్. 1998 దాకా అక్కడ విమానాశ్రయం ఉండేది. ఆ పాత రన్‌వే మీదే 2013లో ఓడల టెర్మినల్ తెరిచారు. విమానాలు దిగిన చోట ఓడ ఎక్కుతున్నామన్న సంబరం సామాను స్కానింగ్ దాకానే నిలిచింది. మా సూట్‌కేసులో గుండ్రంగా ఏదో కనపడిందట. తెరిపించారు. చీరల మధ్య, చంటిబిడ్డలా టవల్ చుట్టి పడుకోబెట్టిన ఎలక్ట్రిక్ కుక్కరు!

వేడెక్కే వస్తువేదీ ఓడ గదుల్లోకి రానివ్వరట. ఇస్త్రీపెట్టె, కెటిల్, కుక్కరు, ఏదీ కుదరదు. నిప్పంటుకుంటే నడిసముద్రంలోకి ఫైరింజను రాదు కాబట్టి వాళ్ళ భయం వాళ్ళది. కుక్కరుకి నంబరు చీటీ కట్టి, దిగే రోజు ఇస్తామని పట్టుకుపోయారు. (ఇచ్చారు లెండి. ఆ చీటీ మా ఆవిడ ఇప్పటికీ విప్పనివ్వదు.) అల్యూమినియం అల్మరాలో వరసగా పెట్టిన కెటిల్స్ పక్కన మా కుక్కరు కూర్చోవడం ఆవిడ కనుమరుగయ్యేదాకా చూసింది, కూతుర్ని అత్తారింటికి పంపుతున్నట్టు. సీలు వేసిన ఆవకాయ సీసాని మాత్రం ఎవరూ ఏమీ అనలేదు.

ఆ ఆవకాయ సీసాని గుర్తుపెట్టుకోండి.

గది బాగానే ఉంది. మంచం ఉంది, బాత్రూము ఉంది, మెడలో ధర చీటీ వేలాడేసుకున్న మంచినీళ్ళ సీసా ఉంది. దాన్ని ముట్టుకోకుండా ఎనిమిది అంతస్తులెక్కి, భోజనాల హాల్లో ఊరికే ఇచ్చే నీళ్ళు తాగి వచ్చేవాళ్ళం. గదిలో లైటు తీస్తే మాత్రం గర్భగుడి కన్నా చీకటి. గర్భగుడిలో కనీసం దీపమైనా ఉంటుంది. తెల్లారిందో లేదో చెప్పేందుకు కోడి లేదు, కిటికీ లేదు. పెళ్ళిలో మామగారు పెట్టిన హెచ్ఎంటీ వాచీయే దిక్కు.

ఫోను ఉండగా వాచీ ఎందుకంటారా? ఫోన్ని ఫ్లైట్ మోడ్‌లోంచి కదిలించొద్దని అమ్మాయి ఒట్టు వేయించుకుంది. నడిసముద్రంలో అది ఓడ టవరుని పట్టుకుందంటే బిల్లు కూడా ఓడంత వస్తుందట. వైఫైకి వేరే డబ్బు. దాంతో పాతికవేల ఫోను కెమెరాగా మిగిలింది. అందులో గడియారం కూడా హాంగ్‌కాంగ్‌లో ఎలా ఉందో అలాగే ఉండిపోయింది.

ఇక రోజూ సాయంత్రం గదిలో ఒక కాగితం పెట్టి వెళ్ళేవారు. రేపు ఏ ఊరు, ఎన్నింటికి దిగాలి, ఎన్నింటికల్లా తిరిగి ఎక్కాలి, రాత్రి ఏం పాటలు, అన్నీ అందులో ఉంటాయి. మొదటి రెండు రోజులూ దాన్ని హెడ్డాఫీసు సర్క్యులర్ చదివినంత శ్రద్ధగా చదివాను. అండర్‌లైన్లు కూడా చేశాను.

మూడో రోజు కీలుంగ్. ఆ రేవుకి వానల రేవు అని పేరు. పేరు నిలబెట్టుకుంది. దిగిన నిమిషం నుంచి ఎక్కిన నిమిషం దాకా వానే. "గొడుగు పెట్టుకుందామంటే సూట్‌కేసు బరువన్నారు" అంది మా ఆవిడ. ఆ బరువు కుక్కరుదని నేను అనలేదు. రేవు ఎదుటే రైల్వే స్టేషను, దాని పక్కన గొడుగుల కొట్టు. కొట్టావిడ క్యాలిక్యులేటర్ మీద ధర కొట్టి చూపించింది. నేను అందులో సగం కొట్టి తిరిగిచ్చాను. ఆవిడ మళ్ళీ మొదటి అంకే కొట్టింది. నేను మూడొంతులు కొట్టాను. అప్పుడావిడ క్యాలిక్యులేటర్ కట్టేసి, బయట పడుతున్న వాన వైపు చూసింది. అంతకన్నా గట్టి బేరం నేనెక్కడా చూడలేదు. గొడుగు కొన్నాను. సాయంత్రం గుడి పక్కన పసుపు లాంతర్ల కింద తిండి బజారంతా ఆ ఒక్క గొడుగు కిందే తిరిగాం. ముప్పై ఎనిమిదేళ్ళ సంసారంలో అంత దగ్గరగా నడవడం అదే మొదలు అనుకుంటాను.

ఆ రోజు దిగేముందు మైకులో ఒక మాట చెప్పారు: ఊళ్ళో ఏ గడియారం చూసినా సరే, మీకు ఓడ టైమే టైము. ఆ మాట నాకు నచ్చింది. బుర్రలో అచ్చు వేసుకున్నాను.

రాత్రి గదికి వచ్చేసరికి ఆవకాయ సీసా చుట్టూ ఎర్రగా నూనె. ఓడ ఊపుకి మూత వదులైంది. బల్ల మీద మరక పడితే ఎంత వసూలు చేస్తారో! చేతికందిన కాగితం మడిచి సీసా కింద వేశాను. నా సమయస్ఫూర్తికి నేనే మెచ్చుకుని పడుకున్నాను.

మర్నాడు అన్నీ వింతలే. నా వాచీలో పదిన్నర అవుతుంటే జనం అప్పుడే మధ్యాహ్నం భోజనానికి బారులు తీరారు. "పాపం, ఊళ్ళో తిండి ఖర్చు మిగుల్చుకుందామని కాబోలు" అన్నాను జాలిగా. మా దగ్గరున్న టికెట్ కాగితంలో నాహా చేరేది పన్నెండింటికి అని ఉంది. నా వాచీలో పదకొండింటికే తాళ్ళు కట్టేస్తున్నారు. డెక్ మీద నిలబడి మా ఆవిడకి చూపించాను. "చూశావా! గంట ముందు! మన గోదావరి ఎక్స్‌ప్రెస్ ఏనాడైనా గంట ముందు వచ్చిందా? డిసిప్లిన్ అంటే ఇదీ." పక్కనున్న పెద్దాయన ఎవరో నా ఉత్సాహం చూసి నవ్వాడు. నేనూ నవ్వాను.

జపాన్ వాళ్ళు రెండు చూపుడు వేళ్ళ ముద్రలూ, ఫొటో తీసుకుని పంపారు. సాయంత్రం ఆరున్నరకల్లా ఓడెక్కాలి. రేవు నుంచి నడిచే వెళ్ళాం. రాతి గుట్ట మీద చిన్న గుడి, దాని కింద ఇసుక తీరం, ఆ పైన కొకుసాయ్ అనే పెద్ద బజారు వీధి. మైలు పొడవుంటుంది. దుకాణానికో సింహం బొమ్మ. షీసా అంటారు వాటిని, జంటగా ఉంటాయి. ఒకటి నోరు తెరుచుకుని, ఒకటి మూసుకుని. నోరు తెరిచింది చెడుని తరుముతుందట, నోరు మూసింది మంచిని బయటికి పోనివ్వదట. "ఇందులో మీరేది?" అని అడిగింది మా ఆవిడ. నేను నోరు తెరవలేదు.

నాలుగు నలభైకే పొద్దు గుంకింది. సూర్యుడు పుట్టే దేశం కదా, పొద్దున్నే లేచినవాడు పెందలాడే పడుకుంటాడు అని దానికీ కారణం చెప్పాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే ముచ్చటేస్తుంది.

పక్క సందులో చిన్న కొట్టు. ఒక బామ్మగారు కూర్చుని ఉంది. అరచేతంత సింహాల జంట బేరం చేస్తూ తలెత్తి చూస్తే గోడ గడియారంలో ఆరూ పది. నా వాచీలో ఐదూ పది. రైళ్ళు సెకన్ల లెక్కన నడిపే దేశంలో తప్పు గడియారమా! నాకు బాధేసింది. వేలితో గడియారం చూపించి, వాచీ చూపించి, "ఫాస్టు, ఫాస్టు" అన్నాను. బామ్మగారు కంగారుగా లేచి వంగి దండం పెట్టింది. తన ఫోను తీసి చూసింది. ఇంకాస్త వంగి, ఇంకా బాధగా, ఫోను నా ముందు పెట్టింది. అందులోనూ ఆరూ పదే.

"ఏవండీ, ఇక్కడి టైమే వేరేమో?"

"వేరే. జపాన్ గంట ముందుంటుంది, నాకు తెలుసు" అన్నాను, అప్పుడే తట్టినా. "హాంగ్‌కాంగ్‌కీ, తైవాన్‌కీ మన టైముకి రెండున్నర గంటలు కలపాలి. ఇక్కడ మూడున్నర. అయినా మనకేం? ఓడ టైమే టైమని చెప్పారుగా."

ఆవిడ ఏమీ అనకుండా వీధిలోకి చూసింది. కాసేపు చూసింది. "ఇందాక మెడలో నీలం తాడు, ఓడ కార్డు వేసుకున్నవాళ్ళు వీధి నిండా ఉన్నారు. ఇప్పుడు ఒక్కళ్ళూ లేరేంటండీ?"

నిజమే. ఒక్క తాడూ లేదు. కడుపులో ఏదో చల్లగా జారింది. అంతలో వీధి మలుపులో ఒక నీలం తాడు కనిపించింది. దాని వెనక ఒకాయన, చంకలో ఒక పిల్ల, చేతికి వేలాడుతూ ఇంకో పిల్లాడు. మా వరస గదులాయనే. పరుగెత్తుతున్నాడు. నేను వాచీ చూపించి అరిచాను. ఆయన ఆగకుండానే అరిచాడు: "రాత్రే గంట ముందుకి తిప్పారు! ఓడ టైము కూడా!"

సింహాల డబ్బు బామ్మగారి చేతిలో పెట్టి పరుగెత్తాం. బేరం తెగకుండా నేను వస్తువు కొన్నది నా జీవితంలో అదొక్కటే.

టాక్సీ ఆపాను. నేను తలుపు పట్టుకోబోతే అదే తెరుచుకుంది. నేను మూయబోతే డ్రైవరు వద్దు వద్దని చెయ్యి ఊపాడు. అదే మూసుకుంటుందట. ఆ తలుపు దానంతటది పడేదాకా నాకు ఒక యుగం పట్టింది. తర్వాత ప్రతి ఎర్రలైటు దగ్గరా ఆయన నిబ్బరంగా ఆగాడు. రోడ్డు మీద పిల్లి కూడా లేని చోట కూడా ఆగాడు. మా ఆవిడ ఏడుకొండలవాడికి తలనీలాలు మొక్కుకుంది. నావి. ఉన్నవే తక్కువ.

రేవు దగ్గర ఆయన చేతిలో నోట్లు కుక్కి దూకి పరుగెత్తాం. పది గజాలు వెళ్ళామో లేదో వెనక అరుపు. తిరిగి చూస్తే డ్రైవరు మా వెంటపడి పరుగెత్తుకొస్తున్నాడు! తొందరలో డబ్బు తక్కువిచ్చినట్టున్నాను. ఆగితే ఓడ పోతుంది, ఆగకపోతే పరాయి దేశంలో టాక్సీ ఎగ్గొట్టి పారిపోయినవాణ్ణవుతాను. "ఇంకో నోటు వెనక్కి పడేయండి!" అంది మా ఆవిడ రొప్పుతూ. ఇంకో నోటే! ఆ మాటకి నా కాళ్ళకి ఎక్కడలేని బలమొచ్చింది. మేం వేగం పెంచితే ఆయనా పెంచాడు.

గేటు దగ్గర పట్టుకున్నాడు. వంగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఊపిరి తీసుకుని, రెండు చేతులతో అందించాడు: కీలుంగ్ గొడుగు. దాని మీద పేర్చి నాణేలు, మా చిల్లర. జపాన్‌లో టిప్పు తీసుకోరని అమ్మాయి చెప్పనే చెప్పింది. నేను వంగి దండం పెట్టాను. ఆయన నాకన్నా కిందికి వంగాడు. నేను ఇంకా కిందికి వంగాను. "ఆ దండాలు తర్వాత! ఓడ!" అని మా ఆవిడ నా కాలరు పట్టి లేపింది.

నిచ్చెన దగ్గర ఓడ ఉద్యోగిని మా కార్డులు గీకి, "ఇంకా మూడు నిమిషాలుంది సార్, వెల్‌కమ్ బ్యాక్" అంది. అప్పుడు పైనుంచి చప్పట్లు వినిపించాయి. తలెత్తి చూశాను. అంతస్తు అంతస్తునా బాల్కనీల నిండా జనం. ఆఖరి నిమిషంలో పరుగెత్తుకొచ్చేవాళ్ళని చూడటం ఓడ ప్రయాణాల్లో పెద్ద కాలక్షేపమట. ఫోన్లలో వీడియో తీస్తున్నారు. పొద్దున డెక్ మీద నవ్విన పెద్దాయన రెండు చేతులూ ఊపుతున్నాడు. కిటికీ లేని గది తీసుకున్నందుకు మేం ఏ వ్యూ చూడలేదు గానీ, వాళ్ళందరికీ మేమే వ్యూ అయ్యాం.

గదికొచ్చి మా ఆవిడ తిన్నగా ఆవకాయ సీసా ఎత్తింది. కింద కాగితం. నూనె పీల్చి అద్దంలా మెరుస్తున్న చోట, గడియారం బొమ్మ, ముల్లు ముందుకి తిప్పుతున్నట్టు బాణం గుర్తు. చదువు రానివాడికి కూడా అర్థమయ్యేలా గీశారు.

"వాచీ ఆగిపోయిందేమో అనుకున్నా..." అని మొదలుపెట్టాను.

"మా నాన్న ఇచ్చిన వాచీని ఒక్క మాటన్నారంటే ఊరుకోను" అంది.

వాచీ గంట ముందుకి తిప్పుకున్నాను. ఆ రోజు నుంచి కాగితం ఆవిడ చేతికే వెళ్ళింది. అడిగితే చదివి వినిపిస్తానంది. అడగడానికి నాకేం ఖర్మ? ఇంక వచ్చే రేవే లేదు, సముద్రమేగా.

నాహా వదిలిన రెండో రోజు పొద్దున వాచీలో ఆరు. మొదటి కాఫీ మనదే కావాలని చప్పుడు కాకుండా పైకెక్కాను. హాలు తలుపులు వేసున్నాయి. నేల తుడుస్తున్న కుర్రాడు నన్ను చూసి, "ఐదే సార్. రాత్రి గంట వెనక్కి తిప్పాం కదా" అన్నాడు.

మళ్ళీ కిందికి దిగాను. గదిలో మా ఆవిడ హాయిగా నిద్రపోతోంది. కాగితం కొస దిండు కింద నుంచి కనపడుతోంది. లైటు వేస్తే లేస్తుందని, చీకట్లోనే మంచం అంచున కూర్చుని, తడుముకుంటూ ముల్లు వెనక్కి తిప్పుకున్నాను.