‘ఆ గొడవలు మనకెందుకు’ అనే ముందు

ఇండియా నుంచి ఎవరొచ్చినా వాషింగ్టన్ తీసుకెళ్లడం మన ఇళ్లలో ఆనవాయితీ. వైట్ హౌస్ ముందు ఒక ఫొటో, లింకన్ విగ్రహం కాళ్ల దగ్గర ఇంకో ఫొటో, డబ్బాలో తెచ్చుకున్న పులిహోర, తిరుగు ప్రయాణం. 2024 జూన్‌లో మా మామగారిని కూడా అలాగే తీసుకెళ్లాం. లింకన్ మెట్లు దిగేసరికి ఆయనకు మోకాళ్లు పట్టేశాయి. కూర్చోడానికి బెంచీ వెతుక్కుంటూ పక్కదారి పట్టి, అనుకోకుండా వియత్నాం గోడ దగ్గర, అంటే ఆ యుద్ధంలో పోయిన అమెరికన్ సైనికుల పేర్లు చెక్కిన స్మారకం దగ్గర తేలాం.

మామగారిది ఒంగోలు పక్క. చీమకుర్తి గ్రానైట్ క్వారీలకు చాలా ఏళ్లు లెక్కలు రాసిన మనిషి. అందుకే పేర్ల కంటే ముందు ఆయన కళ్లు రాయి మీద పడ్డాయి. వేలితో తట్టి, "మా చీమకుర్తి రాయి కాదు, దీనికి చుక్కల్లేవు. అయినా మన దేశపు రాయిలాగే ఉంది బాబూ" అన్నారు. పెద్దాయన చాదస్తం అనుకున్నాను. ఇంటికొచ్చి చూస్తే నిజమే. ఆ నల్లరాయి బెంగళూరు నుంచి తెప్పించిందే.

"ఇవన్నీ ఎవరి పేర్లు?" అని అడిగారు. 58 వేల పైచిలుకు అమెరికన్ సైనికులవని, అక్షర క్రమంలో కాకుండా చనిపోయిన వరసలో చెక్కారని చెప్పాను. "మరి అవతలివాళ్లవి?" అన్నారు. అవతలివాళ్లకు ఇక్కడ గోడ లేదు. 1995లో వియత్నాం ప్రభుత్వం చెప్పిన లెక్క ప్రకారం సామాన్య జనమే 20 లక్షలు, వాళ్ల పక్షాన పోరాడి పోయినవాళ్లు మరో 11 లక్షలు. ఈ లెక్కన పేర్లు చెక్కాలంటే ఇంకెంత గోడ కావాలో!

మా అమ్మాయి మాతోనే ఉంది కానీ తాతతో మాట్లాడటం లేదు. ఆ ఏప్రిల్‌లో వాళ్ల కాలేజీలో గాజా యుద్ధం మీద పిల్లలు టెంట్లు వేసుకుని కూర్చున్నప్పుడు ఇది కూడా రెండు రాత్రులు అక్కడే ఉంది. ఆ సంగతి తెలిసి ఇంట్లో పెద్ద రభస. వాళ్లమ్మ ఏడ్చింది. నేను లాయరు ఫీజులు లెక్కేశాను. మామగారు ఒంగోలు నుంచే ఫోన్‌లో తీర్పు చెప్పేశారు: "చదువుకోడానికి వెళ్లాం, చదువుకుని రావాలి. ఆ గొడవలు మనకెందుకు?"

ఆ మాట అనని తెలుగు ఇల్లు ఈ దేశంలో ఉంటుందనుకోను. నేనూ పాతికేళ్లుగా అంటున్నదే. గాజా విషయంలో ఎవరిది తప్పు, ఎవరిది ఒప్పు అన్నది ఈ వ్యాసంలో తేల్చబోవడం లేదు. నా పేచీ ‘మనకెందుకు’ అనే మాటతో. ఆ మాట అనే హక్కు ఈ దేశంలో మిగతావాళ్లకు ఉందేమో గానీ మనకు మాత్రం లేదని ఆ గోడ దగ్గర నిలబడ్డాక అనిపించింది.

1965 మార్చి 7, ఆదివారం. అలబామా రాష్ట్రం సెల్మా ఊళ్లో ఓటు హక్కు అడుగుతూ దాదాపు 600 మంది నల్లజాతివాళ్లు, వాళ్ల మద్దతుదారులు ఎడ్మండ్ పెట్టస్ వంతెన మీదుగా నడిచారు. అవతలి ఒడ్డున పోలీసులు లాఠీలతో, బాష్పవాయువుతో, గుర్రాలతో మీద పడ్డారు. ఆ నడకకు ముందు నిలిచిన 25 ఏళ్ల జాన్ లూయిస్ తల పగిలింది. మర్నాడే, మార్చి 8న, 3,500 మంది అమెరికన్ మెరైన్లు వియత్నాంలోని దానాంగ్ తీరంలో దిగారు. వియత్నాంకు సైన్యాన్ని పంపగలిగిన అధ్యక్షుడు జాన్సన్, సెల్మాలో మమ్మల్ని కాపాడటానికి ఎందుకు పంపలేడు అని ఆ తల పగిలిన కుర్రాడే అడిగాడు. యుద్ధం వేరు, ఇంటి గొడవ వేరు అని ఎవరైనా అంటే నాకు గుర్తొచ్చేది ఆ ప్రశ్నే.

ఆగస్టు 6న ఓటు హక్కు చట్టం వచ్చింది. అక్టోబర్ 3న జాన్సన్ స్వాతంత్ర్య దేవత విగ్రహం కింద కూర్చుని ఇంకో చట్టం మీద సంతకం పెట్టాడు. అదే మన చట్టం, మనల్ని ఇక్కడికి రానిచ్చిన వలసల చట్టం. అంతకుముందు 1946 నాటి లెక్క ప్రకారం భారతదేశం మొత్తానికి ఏడాదికి ఇచ్చే కోటా 100. అక్షరాలా వంద. ఒక పెళ్లి బస్సుకు పట్టే జనం కంటే కాస్త ఎక్కువ. కొత్త చట్టం ఒక్కో దేశానికి 20 వేల దాకా దారి తెరిచింది. ఇంట్లో రంగును బట్టి మనిషిని కొలవడం తప్పని ఒప్పుకున్నాక గుమ్మం దగ్గర పుట్టిన దేశాన్ని బట్టి కొలవడం ఎలా కుదురుతుంది? మన ఐఐటీ ర్యాంకులో, ఎంబీబీఎస్ మార్కులో చూసి ఆ తలుపు తెరవలేదు. సెల్మాలో దెబ్బలు తిన్నవాళ్లు, జైళ్లకెళ్లినవాళ్లు తోస్తే తెరుచుకుంది.

యుద్ధమూ మనవాళ్లకు చోటు చేసింది, ఒప్పుకోడానికి ఇబ్బందిగా ఉన్నా సరే. కుర్ర డాక్టర్లను సైన్యంలోకి పట్టుకుపోతున్న రోజులవి. అదే సమయంలో 1966 జూలై నుంచి మెడికేర్, అంటే వృద్ధులకు ప్రభుత్వ ఆరోగ్య బీమా, మొదలై ఆసుపత్రులకు వృద్ధ రోగుల తాకిడి పెరిగింది. డాక్టర్లు చాలక ఇండియా వైపు చూశారు. గుంటూరు, విశాఖ, హైదరాబాద్ కాలేజీల్లో చదివి ఆ రోజుల్లో వచ్చిన మన పెద్ద డాక్టర్లు, ఇప్పటి మన సభల్లో ముందు వరసలో శాలువాలు కప్పించుకునేవాళ్లు, అలా వచ్చినవాళ్లే. వాళ్ల కష్టాన్ని నేను తక్కువ చేయడం లేదు. గ్రీన్ కార్డు ఉన్న కుర్రవాళ్లు అప్పట్లో సైనిక భర్తీకి పేరు నమోదు చేసుకోవాల్సిందే. పిలుపొస్తే వెళ్లాల్సిందే.

ఆ భర్తీని డ్రాఫ్ట్ అనేవారు. కాలేజీలో సీటున్నవాడికి వాయిదా, లేనివాడికి తుపాకీ. అంటే డబ్బున్నవాళ్ల పిల్లలకు వాయిదా అని అర్థం. 1969 డిసెంబర్ 1న లాటరీ కూడా పెట్టారు. 366 నీలం గొట్టాల్లో పుట్టినరోజులు రాసి, గాజు పాత్రలోంచి ఒక్కొక్కటి తీస్తుంటే దేశమంతా టీవీల ముందు కూర్చుంది. మొదట వచ్చింది సెప్టెంబర్ 14. ఆ రోజు పుట్టిన కుర్రాడి తల్లికి ఆ రాత్రి ఎలా గడిచిందో ఊహించుకుంటే నాకు కడుపులో దేవినట్టు ఉంటుంది. పద్దెనిమిదేళ్లకు చంపడానికి పంపుతారు గానీ ఓటెందుకివ్వరు అని పిల్లలు నిలదీశారు. 1971లో ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గింది. మన పిల్లలు హైస్కూల్ దాటగానే ఓటేస్తున్నారంటే అదీ ఆ గొడవ పుణ్యమే.

ఇప్పుడు చెప్పుకుంటుంటే అంతా గౌరవంగా, పాఠ్యపుస్తకంలా వినిపిస్తుంది. అప్పుడు అలా లేదు. దీన్ని మనం బొత్తిగా మర్చిపోతున్నాం. మార్టిన్ లూథర్ కింగ్ 1967 ఏప్రిల్ 4న న్యూయార్క్ రివర్‌సైడ్ చర్చిలో యుద్ధాన్ని తప్పుపట్టాడు. పేదలకు పెట్టాల్సిన డబ్బు యుద్ధం మింగేస్తోందన్నాడు. నువ్వు పౌరహక్కుల సంగతి చూసుకో, యుద్ధం గొడవ నీకెందుకు అని పెద్ద పెద్ద పత్రికలే సంపాదకీయాలు రాశాయి. చూశారా, మన మాటే! అంతకుముందు ఏడాది గ్యాలప్ సర్వేలో పదిమందిలో ఆరుగురికి పైగా కింగ్ అంటే మంచి అభిప్రాయం లేదన్నారు. రివర్‌సైడ్ ప్రసంగం చేసిన సరిగ్గా ఏడాదికి మెంఫిస్‌లో ఆయన్ని కాల్చి చంపారు. ఇప్పుడు జనవరిలో ఆయన పేరు మీద సెలవిస్తే మనం పిల్లల్ని తీసుకుని స్కీయింగ్‌కి పోతున్నాం.

ఒహాయోలోని కెంట్ స్టేట్ యూనివర్సిటీ సంగతి ఇంకా చేదు. 1970 మే 4న అక్కడ యుద్ధాన్ని నిరసిస్తున్న పిల్లల మీద నేషనల్ గార్డ్ సైనికులు 13 సెకన్లలో 67 గుళ్లు కాల్చారు. నలుగురు విద్యార్థులు పోయారు, తొమ్మిది మంది గాయపడ్డారు. వెంటనే జరిగిన సర్వేలో 58 శాతం మంది తప్పు పిల్లలదే అన్నారు. సైనికులదన్నది 11 శాతమే. చనిపోయిన నలుగురిలో ఇద్దరు అసలు నిరసనలోనే లేరు, ఒక క్లాసు నుంచి ఇంకో క్లాసుకు నడిచిపోతున్నారు. తలొంచుకుని చదువుకుంటే ఏమీ కాదనే మన సూత్రాన్ని తూ.చ. తప్పకుండా పాటించినవాళ్లే వాళ్లు. పది రోజులు తిరిగేసరికి మిసిసిపీలోని జాక్సన్ స్టేట్‌లో పోలీసు కాల్పులకు ఇంకో ఇద్దరు బలయ్యారు. వాళ్లు నల్లజాతివాళ్లు, అందుకే వాళ్ల సంగతి చాలామందికి తెలియదు.

నిరసనకారులంతా పులుకడిగిన ముత్యాలేం కాదు. 1970 ఆగస్టులో మాడిసన్‌లో యూనివర్సిటీ భవనానికి బాంబు పెట్టి ఒక పరిశోధకుడి ప్రాణం తీశారు. దాన్ని ఎవరూ సమర్థించలేరు. కానీ యుద్ధం తప్పని చెప్పినవాళ్లలో బాంబులు పెట్టినవాళ్లు పిడికెడు. మిగతావాళ్లు పాదిరీలు, గృహిణులు, ప్రొఫెసర్లు. 1971 ఏప్రిల్‌లో అయితే ఆ యుద్ధంలో పోరాడి వచ్చిన సైనికులే తమ పతకాలను కాపిటల్ (అమెరికా పార్లమెంటు భవనం) ముందు విసిరికొట్టారు. వాళ్లను దేశద్రోహులనడానికి ఎవరికి నోరొస్తుంది?

న్యూయార్క్ కొలంబియా యూనివర్సిటీలో 1968 ఏప్రిల్‌లో పిల్లలు హామిల్టన్ హాల్‌ని ఆక్రమించారు. ఆయుధ పరిశోధనతో యూనివర్సిటీకున్న సంబంధం ఒక కారణం, పక్కనున్న హార్లెం పేదల పార్కులో జిమ్ కట్టబోవడం ఇంకో కారణం. ఏప్రిల్ 30న పోలీసులొచ్చి 700 మందికి పైగా పట్టుకుపోయారు. 2024లో గాజా నిరసనలప్పుడు అదే హాలు, అదే ఏప్రిల్ 30, మళ్లీ పోలీసులు. మొదటివాళ్లను ఇప్పుడు ఆ యూనివర్సిటీ తన చరిత్రలో భాగంగా చెప్పుకుంటోంది.

వీసా మీద వచ్చిన పిల్లల సంగతి వేరని నాకు తెలుసు. పొలం తాకట్టు పెట్టి పంపిన తల్లిదండ్రులున్నారు. ఒక్క కేసు పడితే చదువూ పోతుంది, అప్పూ మిగులుతుంది. ఆ పిల్లల్ని వెళ్లమని చెప్పే ధైర్యం నాకు లేదు, ఆ టెన్షన్ ఎలాంటిదో హెచ్1బీ మీద పదేళ్లు బతికినవాణ్ని. నేను మాట్లాడుతున్నది ఇక్కడ పుట్టి, ఇక్కడి ఓటున్న మన పిల్లల గురించి. వాళ్లకు కూడా మన వీసా భయాన్నే వారసత్వంగా ఇవ్వాలా? మన సంఘం సభల్లో యువత వేదికంటే స్టార్టప్‌ల మీద ముచ్చట్లే. ఒక్కసారైనా 1965 గురించి ఎవరి చేతైనా మాట్లాడించామా?

ఆ రోజు తిరిగొస్తుంటే కారులో జరిగింది చెప్పి ఊరుకుంటాను. వెనక సీట్లో తాతా మనవరాలూ పక్కపక్కనే ఉన్నారు. చాలాసేపు మౌనం. తర్వాత మామగారే అడిగారు, "ఆ టెంట్లలో తిండి ఎవరు పెట్టారే?" అని.

"ఊళ్లోవాళ్లు తెచ్చిచ్చేవారు తాతయ్యా. ఒక ఆంటీ రోజూ సూప్ తెచ్చేది."

"మాకు బ్రాడీపేట హోటలాయన ఇడ్లీ పొట్లాలు పంపేవాడు. డబ్బులిస్తే తిట్టేవాడు."

1966లో ఆయన గుంటూరులో డిగ్రీ చదువుతున్నారు. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అని రాష్ట్రమంతా అట్టుడికిన ఏడాది. నవంబర్ 1న విశాఖలో కాల్పులు జరిగాయి. ఆ ఉద్యమంలో మొత్తం 32 మంది పోయారని చెబుతారు. మామగారు స్నేహితులతో కలిసి పట్టాల మీద కూర్చుని రైలు ఆపారట. ఎడమ మోచేతి మీది మచ్చ చిన్నప్పుడు చెట్టెక్కి పడితే వచ్చిందని ఇంట్లో అందరికీ చెప్పుకొచ్చారు. అది లాఠీ దెబ్బ.

ముందు సీట్లోంచి మా ఆవిడ గిర్రున వెనక్కి తిరిగింది. "నువ్వు రైలు ఆపావా నాన్నా? ఇంటర్‌లో ఉండగా బంద్ రోజున నన్ను గడప దాటనిచ్చావా?"

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఎగ్జిట్ దాటిపోయేట్టున్నావు, చూసుకో బాబూ" అన్నారు.