కార్బరేటర్ భస్మం

కార్తీక సోమవారం. రద్దీ పెరగకముందే కపిలతీర్థం చేరాలని అత్తగారు వెనక ఎక్కారు. లీలామహల్ సర్కిల్ దాటామో లేదో స్కూటర్ దగ్గి, తుమ్మి, ఆగిపోయింది. తోసుకుంటూ పక్కసందులో మెకానిక్ దగ్గర తేలాం.

బండి మామగారిది. అమెరికాలో కొడుకు దగ్గరికి పోతూ ట్యాంకు నిండా పెట్రోలు కొట్టించి, "ఖాళీగా ఉంటే తుప్పు పడుతుంది, ఎవరూ తాకొద్దు" అని తాళాలు బీరువాలో పెట్టి మరీ పోయారు. ఆ సూత్రం పాత పెట్రోలుకు చెల్లింది. ఇప్పుడు పోసేది ఈ20. అందులో 20 శాతం దాకా ఇథనాల్. అది గాలిలో తేమను పీల్చుకుంటుంది. నీళ్లు ఎక్కువైతే రెండూ కలిసి పెట్రోలును వదిలేసి అడుగుకు దిగుతాయి, అల్యూమినియాన్ని కాపాడే పైపొరను తినేసి గుంటలు పెడతాయి. ఇదంతా మెకానిక్ నోట వినాల్సిందే. బంకులో "జీరో చూసుకోండి సార్" తప్ప ఇంకో ముక్క చెప్పరు. 2030కి అనుకున్న ఈ 20 శాతం లక్ష్యాన్ని 2025కే లాక్కొచ్చారు, సంతోషం. బండిని నెలల తరబడి నిలబెట్టేవాళ్లు పెట్రోల్ కాక్ మూసి కార్బరేటర్ ఖాళీ చేసుకోండని ఒక బోర్డు పెట్టడానికేం?

మెకానిక్ కార్బరేటర్ విప్పి అడుగున ఉండే బౌల్ ఊడదీశాడు. లోపలంతా తెల్లటి పొడి. పెట్రోలు పోయే సన్నటి జెట్ రంధ్రంలోనూ అదే. నాకు చూపిద్దామని బౌల్‌ని అరచేతిలో పెట్టుకొని చెయ్యి చాచాడు.

అత్తగారికి గిన్నెలో తెల్లపొడి, చాచిన చెయ్యి కనబడితే చాలు, ఎవరు ఏమిటని అడగరు. పైగా సోమవారం. అతని నుదుటి మీద అడ్డంగా మసి కూడా ఉంది. కొంగు భుజం చుట్టూ కప్పుకొని, కళ్లు మూసుకొని, మూడు వేళ్లు బౌల్లో అద్ది, "శివశివా" అంటూ మూడు గీతలు లాగేశారు. స్పానర్ పట్టుకున్న కుర్రాడు నోరు తెరిచాడు. పంక్చరేయించుకోవడానికి వచ్చినాయన ఎందుకైనా మంచిదని చెప్పులు వదిలాడు.

"వాసన అదోలా ఉందే నాయనా, ఏ గుడిది?"

నేను నోరు విప్పేలోపే మెకానిక్ అందుకున్నాడు. "గుడిది కాదమ్మా, అల్యూమినియం భస్మం."

ఆవిడకు చివరి మాటే వినబడింది.

జెట్ కడిగి, కొత్త బౌల్ బిగించి, ట్యాంకులో పెట్రోలంతా క్యానులోకి దించి అతను బిల్లు చేతిలో పెట్టేసరికి, అత్తగారు పేపరు ముక్కలో మిగతా పొడి పొట్లం కడుతున్నారు. మామగారికట.

నేనేం అడ్డు చెప్పలేదు.