బస్సు దిగాక ఎక్కడికి?

తెలంగాణలో 2023 డిసెంబరు 9న, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం మొదలైంది. ఆ పథకాల మీద నడిచిన చర్చంతా ఖజానా చుట్టూనే తిరిగింది. ఎంత భారం, ఎవరు మోయాలి, ఆటోవాళ్ల గతేమిటి, సీటు కోసం జుట్లు పట్టుకున్న వీడియోలు నిజమా కాదా అని. ఆ లెక్కలు అవసరమే. కానీ ఆ గోలలో ఒక చిన్న మార్పు ఎవరి కంటా పడలేదు. పనికో, ఆస్పత్రికో, పెళ్లికో తప్ప గడప దాటని ఆడవాళ్లు కొందరు ఊరికే, ఊరు చూడటానికి బస్సెక్కారు. ఆదివారం సాయంత్రం ట్యాంక్‌బండ్ మీదుగా పోయే సిటీ బస్సు ఎక్కి చూడండి. చేతిలో ఆధార్ కార్డు, సంచిలో పులిహోర డబ్బా, పక్కన కిటికీ కోసం కొట్టుకునే ఇద్దరు పిల్లలు. కండక్టర్ జీరో టికెట్ చింపి చేతిలో పెడతాడు. ఇంతవరకూ ప్రభుత్వం పని బాగానే ఉంది. దిగాక ఎక్కడికి వెళ్లాలన్న దగ్గరే మన నగరాలు నీళ్లు నములుతున్నాయి.

సినిమాకు వెళ్దామంటే లెక్క తేలిగ్గానే కట్టొచ్చు. 2021 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన జీవో ప్రకారం మల్టీప్లెక్సులో టికెట్ గరిష్ఠ ధర 250 రూపాయలు, జీఎస్టీ అదనం. పన్ను 18 శాతం కలిపితే 295. నలుగురున్న ఇంటికి 1180. ఇది రిక్లైనర్ సీటు మాట కాదు, స్పెషల్ రేటు పెంపు ఉన్న పెద్ద సినిమా మాటా కాదు. ఇంటర్వెల్‌లో పిల్లలు పాప్‌కార్న్ అడిగితే తల్లి చూసే చూపు ధరల పట్టిక వైపు కాదు, భర్త ముఖం వైపు. బయటి తిండి తేవద్దని చెప్పే హక్కు థియేటర్లకు ఉందని 2023 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. తాగునీరు మాత్రం ఉచితంగా ఇవ్వాలంది. ఆ నీళ్ల కుళాయి ఎక్కడుందో వెతుక్కోవడం కూడా వినోదంలో భాగమనుకోవాలి.

2025 సెప్టెంబరు 22 నుంచి వంద రూపాయల లోపు టికెట్ మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. మంచిదే. అయితే వంద లోపు టికెట్ దొరికే హాళ్లు ఎన్ని మిగిలాయన్నదే ప్రశ్న. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో దేవి, సుదర్శన్, సంధ్య ఇంకా నడుస్తున్నాయి కాబట్టి శుక్రవారం పొద్దున ఆ చౌరస్తాకు ఆ కళ ఉంది. నగరంలో చాలాచోట్ల పాత హాళ్లు కూలి, ఆ స్థలంలో షాపింగ్ కాంప్లెక్సులు లేచాయి. పాత హాళ్లను మరీ నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ అని మనుషుల్ని అంతస్తులుగా కూర్చోబెట్టినవే అవి. మరుగుదొడ్ల సంగతి తలుచుకోకపోవడమే మేలు. అయినా రిక్షా కార్మికుడూ బ్యాంకు మేనేజరూ ఒకే కప్పు కింద, ఒకే డైలాగుకు ఈల వేశారు. ఆ ఒకే కప్పు ఇప్పుడు పోతోంది.

ఆ చౌరస్తాలోనే 2024 డిసెంబరు 4 రాత్రి ప్రీమియర్ షో దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, ఆమె కొడుకు చావు అంచుదాకా వెళ్లాడు. ఇక బెనిఫిట్ షోలు, టికెట్ రేట్ల పెంపులు ఉండవని ముఖ్యమంత్రి అసెంబ్లీలోనే ప్రకటించారు. మూడు వారాలు తిరక్కముందే సంక్రాంతి సినిమా ఒకదానికి రేటు పెంచుకోవచ్చంటూ ఉత్తర్వు వచ్చింది. హైకోర్టు జోక్యం చేసుకున్నాక వెనక్కి తీసుకున్నారు. ప్రభుత్వానికి మాట మీద నిలబడటం కష్టమవడానికి పరిశ్రమ ఒత్తిడి ఒక కారణం. సినిమా తప్ప సామాన్యుడికి వేరే వినోదం చూపించలేని మన నగరాల దారిద్ర్యం ఇంకో కారణం. ఉన్న ఒక్క తలుపు దగ్గరే అందరూ తోసుకుంటారు.

వేరే తలుపులు లేవా అంటే ఉన్నాయి. ఏడాదిలో నెలన్నర మాత్రం తెరుచుకునే తలుపు నాంపల్లిలో ఉంది. నుమాయిష్. 1938లో ఉస్మానియా పట్టభద్రులు కొందరు కలిసి పబ్లిక్ గార్డెన్స్‌లో స్థానిక వస్తువుల ప్రదర్శనగా దీన్ని మొదలుపెట్టారు. ఎనిమిదేళ్ల తర్వాత ఇప్పుడున్న ఎగ్జిబిషన్ మైదానానికి మారింది. 2019 జనవరిలో మంటల్లో వందల స్టాళ్లు బూడిదైనా కొద్ది రోజుల్లోనే మళ్లీ గేట్లు తెరిచారు. కాశ్మీరీ శాలువాలు అమ్మేవాళ్లు హైదరాబాదీ ఉర్దూలో బేరమాడతారు. లక్నో చికన్ కుట్టుపని కుర్తాలు, పింగాణీ కప్పులు, కూరగాయలు తరిగే, ఇంట్లో ఎప్పటికీ వాడని యంత్రం, పక్కనే మిరపకాయ బజ్జీల పొగ. జెయింట్ వీల్ మీంచి కేకలు. పిల్లలు తప్పిపోతే మైకులో గౌను రంగుతో సహా చెబుతారు, తల్లిదండ్రులు పరుగున వస్తారు, అంతలోనే మైకు ఇంకో పిల్లాడి చొక్కా రంగు చెప్పడం మొదలుపెడుతుంది.

2025లో నుమాయిష్ ప్రవేశ టికెట్ 50 రూపాయలు. నలుగురికి 200. లోపల ఏమీ కొనకపోయినా ఎవరూ అడగరు, కాళ్లు పీకేదాకా తిరగొచ్చు. పాతబస్తీ నుంచి బుర్ఖాలో వచ్చిన అమ్మాయిలు, కూకట్‌పల్లి నుంచి వచ్చిన ఐటీ జంట, వికారాబాద్ వైపు నుంచి ప్యాసింజర్ రైల్లో దిగిన రైతు కుటుంబం ఒకే గాజుల స్టాలు ముందు నిలబడే చోటు నగరంలో ఇంకోటి చూపించడం కష్టం. ఎగ్జిబిషన్ సొసైటీ ఆ రాబడితో విద్యాసంస్థలు నడుపుతుంది. ఆ ప్రాంగణంలోనే ఆడపిల్లల కాలేజీ ఉంది. ప్రజల వినోదం ప్రజల చదువుకు ఖర్చవడమనే ఈ పద్ధతిని ఎనభై ఏళ్ల పైచిలుకు కాలంలో ఇంకెవరూ అందుకోకపోవడం మాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

డిసెంబరులో జరిగే హైదరాబాద్ పుస్తక ప్రదర్శనకు పది రూపాయల టికెట్. విజయవాడ పుస్తక మహోత్సవం 1989 నుంచి జనవరి చలిలో జనాన్ని పోగేస్తోంది. జనానికి ఆసక్తి లేదు, అందరూ ఫోన్లకు అతుక్కుపోయారు అనే వాళ్లు ఈ రెండు చోట్లా ఆదివారం పార్కింగ్ దొరకబుచ్చుకుని చూపించాలి.

హాళ్ల సంగతికొస్తే, రవీంద్రుడి శతజయంతి వేళ దేశమంతా సభామందిరాలు కట్టారు. మన రవీంద్రభారతి 1961 నాటిది. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో ఇప్పటికీ చాలా సాయంత్రాలు పాటో నాటకమో పుస్తకావిష్కరణో ఉంటుంది, చాలావాటికి టికెట్ ఉండదు. కాకపోతే వేదిక మీద శాలువాలు కప్పించుకునేవాళ్లు ఒక్కోసారి కింద కూర్చున్నవాళ్ల కంటే ఎక్కువ. అధ్యక్షుల ఉపన్యాసం దాటుకుని నాటకం మొదలయ్యేసరికి చివరి బస్సు గుర్తొస్తుంది. ఈ సన్మానాల జబ్బుకు మందు ప్రభుత్వం దగ్గర లేదు, నిర్వాహకులే చూసుకోవాలి. బంజారాహిల్స్‌లో ఒక ఇంటినే సాంస్కృతిక వేదికగా మార్చి 2010లో తెరిచిన లామకాన్ ఇంకో దారి చూపింది. నాటకం, కవిత్వం, చర్చ, ఆరుబయట చాయ్. ఇవన్నీ నగరం మధ్యలోనే ఉన్నాయి. నగరం పెరిగింది మాత్రం ఔటర్ రింగ్ రోడ్డు దాకా. నిజాంపేటలోనో నాగారంలోనో ఉన్నవాళ్లకు ఇవి పేపర్లో చదువుకునే విషయాలే.

పై స్థాయిలో వినిపించే మాట వేరే. 2025 జనవరిలో అహ్మదాబాద్ స్టేడియంలో బ్రిటిష్ బ్యాండ్ కోల్డ్‌ప్లే కచేరీలు జరిగిన వెంటనే ప్రధాని భువనేశ్వర్‌లో మాట్లాడుతూ, లైవ్ కచేరీలతో ఆర్థిక వ్యవస్థకు ఎంత అవకాశముందో వివరించారు. హోటళ్లు నిండుతాయి, విమానాలు నిండుతాయి, పన్నులు వస్తాయి. కాదనం. కుర్రకారు వేలు పోసి టికెట్ కొనుక్కుంటే మాకు అభ్యంతరం లేదు, ఈర్ష్య తప్ప. అయితే వినోద విధానమంటే అదొక్కటే అని ప్రభుత్వాలు అనుకోవడం మొదలుపెడితే, ఖర్చు పెట్టలేని మనిషి సాయంత్రానికి లెక్కల్లో చోటే ఉండదు.

ఉచితంగా కూర్చునే చోట పెట్టే ఆంక్షలు ఇంకో కథ. 2021 ఆగస్టులో ఇందిరా పార్కు గేటు దగ్గర పెళ్లికాని జంటలకు ప్రవేశం లేదని ఫ్లెక్సీ కట్టారు. నిరసన వచ్చాక తీసేశారు. పార్కుకు వచ్చే ఇద్దరు పెళ్లి కార్డు చూపించాలా అని నగరం నవ్వుకుంది కానీ, ఆ ఫ్లెక్సీ వెనకున్న బుద్ధి పోలేదు. చెట్ల కింద బెంచీ మీద ఇద్దరు కూర్చుంటే విజిల్ ఊదే వాచ్‌మన్, మల్టీప్లెక్సు చీకట్లో కూర్చున్నవాళ్లను పలకరించడు. అక్కడ టికెట్ ఉంది కదా. డబ్బు లేని ప్రేమకే మన దగ్గర నీతి పాఠాలు.

రాత్రి సంగతి కూడా అంతే. మామూలు రోజుల్లో పదిన్నరకల్లా పోలీసు జీపు సైరన్ మోగిస్తూ చాయ్ బండిని సర్దేయిస్తుంది. రంజాన్ నెల రాగానే మదీనా, చార్మినార్ వీధులు తెల్లవారుజామున తినే సహర్ వేళ దాకా వెలుగుతాయి. 2025లో ఆ నెలంతా దుకాణాలు రాత్రీ పగలూ తెరిచి ఉంచేందుకు తెలంగాణ ప్రభుత్వమే అనుమతి ఇచ్చింది. ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు అర్ధరాత్రి దాటాక గాజులు కొంటారు, హలీం తింటారు. వీధిలో జనం ఉంటే వీధికి భయం ఉండదని పాతబస్తీ ఏటా నెల రోజులు చూపిస్తోంది.

పని చేసే నమూనాలు మన దగ్గరే ఉన్నాయి కాబట్టి విదేశీ పర్యటనలు అక్కర్లేదు. విశాఖ బీచ్ రోడ్డులో తెల్లవారుజామున వాహనాలు ఆపుతారు, నడకకు వచ్చిన జనం సముద్రాన్ని పంచుకుంటారు. 2021లో ట్యాంక్‌బండ్ మీద ఆదివారం సాయంత్రాలు ట్రాఫిక్ ఆపితే, హుస్సేన్‌సాగర్ గట్టు మీద పిల్లలు సైకిళ్లు తొక్కారు, పోలీసు బ్యాండు వాయించింది. ఆ ముచ్చట క్రమం తప్పింది. మళ్లీ వారం వారం పెట్టాలి, మంత్రుల తీరికను బట్టి కాదు. నుమాయిష్ రోజుల్లో మెట్రో రైళ్లను అర్ధరాత్రి దాకా పొడిగించిన సందర్భాలున్నాయి, అదే పని శని, ఆదివారాలకు ఎందుకు చేయకూడదు? 2025 మేలో మెట్రో గరిష్ఠ చార్జీని 60 నుంచి 75 చేసి, జనం గోల పెట్టాక 69కి దించారు. ఇద్దరు పిల్లలున్న ఇంటికి రానూపోనూ అది దాదాపు రెండు సినిమా టికెట్లంత పని. సెలవు సాయంత్రాలకు కుటుంబ టికెట్ ఒకటి పెట్టడం ఆలోచించదగ్గది. రద్దీ చోట్ల ఆడవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్డి లేకపోతే ఇవన్నీ వట్టివే. రెండు గంటల్లో ఇంటికి పోవాలని లెక్క చూసుకుంటూ ఎవరూ సరదాగా తిరగలేరు.

శివారు కాలనీలకు కొత్త రవీంద్రభారతులు కట్టమని మేం అడగడం లేదు. నగర పాలక సంస్థ కట్టించిన మల్టీపర్పస్ ఫంక్షన్ హాళ్లు ఇప్పటికే అక్కడక్కడా ఉన్నాయి. పెళ్లిళ్ల సీజన్‌లో అవి దొరకవు. ఆషాఢంలో, మూఢం రోజుల్లో తాళాలు వేసి ఉంటాయి. ఆ రోజుల్లో బడి పిల్లల నాటకానికి, కాలనీ కుర్రాళ్ల బ్యాండుకు, హరికథకు, ఖవ్వాలీకి కరెంటు ఖర్చు మాత్రం తీసుకుని ఇవ్వొచ్చు. ముహూర్తాలు లేని రోజులేవో పంచాంగంలో ముందే ఉంటాయి. ఏ హాలు ఏ తేదీన ఎవరికిస్తారో ఉగాదినాడే ప్రకటించడానికి అడ్డేమిటో అధికారులు చెప్పాలి.