గీతలు పడితేనే గీతం

ఎలక్ట్రిక్ గిటారును చెవులతో అంచనా వేయాలన్న అపోహ ఇంకా అక్కడక్కడా మిగిలి ఉంది. దాన్ని తొలగించడమే ఈ వ్యాసం ఉద్దేశం. ‘వింటేజ్ తరహా’ గిటారు విషయంలో, అంటే నిన్నగాక మొన్న కార్ఖానాలో పుట్టి 1962లో పుట్టినట్టు నటించే గిటారు విషయంలో, చెవి మూడో సాక్షి మాత్రమే. మొదటి సాక్షి కన్ను. రెండోది బ్యాంకు ఖాతా. ఆ ఇద్దరి వాంగ్మూలం ముగిసేసరికి తీర్పు వచ్చేసి ఉంటుంది కాబట్టి మూడో సాక్షిని పిలిచే అవసరం చాలామందికి రాదు.

సమీక్షకు తీసుకున్నది అమెరికా కంపెనీ ఫెండర్ వారి 1962 నాటి స్ట్రాటోకాస్టర్ పోలికలతో చేసిన గిటారు. ఏ కంపెనీదన్నది అప్రస్తుతం. ఈ భక్తిలో దేవుడు ఒక్కడే, గుళ్లు అనేకం.

ముందు పూత సంగతి. పాత గిటార్లకు నైట్రోసెల్యులోజ్ లక్క పూసేవారు. అది ఆ రోజుల్లో కార్లకు వేసే రంగే. ఫియెస్టా రెడ్, లేక్ ప్లాసిడ్ బ్లూ అంటూ మనం ఈనాడు మంత్రాల్లా జపించే పేర్లు కార్ల రంగుల పట్టికలోంచి వచ్చినవే. త్వరగా ఆరుతుంది, పని తెములుతుంది అనుకుని వాడిన సరుకు అది. చలికి పగుళ్లిస్తుంది, చెమటకు చెదురుతుంది, చిన్న దెబ్బకే పెచ్చులూడుతుంది. తర్వాత వచ్చిన పాలియెస్టర్, పాలీయురేథేన్ పూతలకు ఈ జబ్బులు లేవు. అందుకే వాటిని మనం క్షమించలేకపోతున్నాం. లక్క పూత పలచన, దాని కింద కొయ్య ఊపిరి పీల్చుకుంటుంది అని పెద్దలు చెబుతారు. చెట్టును నరికి, కోసి, బట్టీలో ఆరబెట్టి, రంపంతో నడుము సన్నం చేసి, వీపున గుంత తవ్వి స్ప్రింగులు బిగించాక, దాని శ్వాసకోశాల గురించి ఇంత శ్రద్ధ చూపడం మానవజాతికి గర్వకారణం.

పూత ఉంటే సరిపోదు, పోవాలి కూడా. ఎక్కడెక్కడ పోవాలో పద్ధతి ఉంది: కుడి ముంజేయి ఆనేచోట కొంత, బెల్టు బకిల్ రాసుకునే వీపున కొంత, బొటనవేలు తిరిగే మెడ వెనక కొంత. ఫెండర్ ప్రత్యేక తయారీ విభాగమైన కస్టమ్ షాప్ 1995లో ‘రెలిక్’ పేరుతో ఈ అరుగుదలను అమ్మకానికి పెట్టింది. మరో గిటారు కంపెనీ గిబ్సన్ 2021లో మర్ఫీ ల్యాబ్ తెరిచి అరుగుదలకు నాలుగు స్థాయులు నిర్ణయించింది. ఇప్పుడు దెబ్బలకూ ధరల పట్టిక ఉంది. ఎంత చితికితే అంత ప్రియం. ఫెండర్ వర్గీకరణలో నా మనసు దోచింది ‘క్లోజెట్ క్లాసిక్’. ఎప్పుడో కొని, నాలుగు రోజులు వాయించి, బీరువాలో పడేసి మరచిపోయిన గిటారు ఎలా ఉంటుందో అలా తయారు చేసి ఇస్తారన్నమాట. మన హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ఏటా ఈ పనిని పైసా తీసుకోకుండా చేసిపెడుతున్నారు. వారి కృషికి గుర్తింపు లేదు.

ఐర్లండ్ గిటారిస్టు రోరీ గాలహర్ దగ్గర 1961 నాటి స్ట్రాటోకాస్టర్ ఉండేది. ఏళ్ల తరబడి వేదికల మీద ఆయన కార్చిన చెమటకు దాని రంగు దాదాపు ఊడిపోయింది. ఆ ఊడిన తీరును మచ్చతో సహా కాపీ చేసిన గిటారును కస్టమ్ షాప్ తర్వాత అమ్మింది. మనం చెమటోడ్చి సంపాదించిన డబ్బుతో మరొకరు ఓడ్చిన చెమటను కొనుక్కునే సదుపాయం ఇంతకుముందు నాగరికతల్లో ఉన్నట్టు దాఖలాలు లేవు. ఇనుప భాగాలకు వయసు తెప్పించడానికి వాటిని ఆమ్లం ఆవిరిలో ఉంచుతారు. విశాఖపట్నంలో కిటికీ తెరిస్తే చాలు. సముద్రపు గాలి తీగలకు, మరలకు, తీగలు ఆనే బ్రిడ్జికి సమంగా, ఉచితంగా, సెలవు లేకుండా తుప్పు పట్టిస్తుంది. ఈ పరిశ్రమకు అక్కడ స్థలం కేటాయించమని ఏ ప్రభుత్వాన్నీ ఎవరూ అడగకపోవడం విచారకరం.

ఇక మెడ. దాని మీద వేళ్లు నడిచే పలక 7.25 అంగుళాల వ్యాసార్థంతో గుండ్రంగా వంగి ఉంటుంది. కింది మెట్ల (ఫ్రెట్ల) దగ్గర కార్డులు, అంటే స్వరాల గుత్తులు, పట్టడానికి అరచేతికి హాయిగా ఉంటుంది, ఆ మాట నిజం. పై మెట్ల దగ్గర తీగను పక్కకు లాగితే మాత్రం అది వంపు మీదికెక్కి మరో మెట్టుకు తగిలి స్వరం చచ్చిపోతుంది. తర్వాతి తరాల గిటార్లకు 9.5 అంగుళాలు, 12 అంగుళాలు అంటూ పలకను చదును చేసి ఈ ఇబ్బంది తప్పించారు. మనం తప్పించుకోము. గమకం మధ్యలో నాదం ఠక్కున ఆగిపోతే అది 1962 నాటి నిశ్శబ్దం అని గ్రహించి తల ఊపాలి.

మెడ లోపల ట్రస్ రాడ్ అనే ఇనుపకడ్డీ ఉంటుంది. ఎండకు, వానకు మెడ వంగినప్పుడు దాన్ని తిప్పి సరిచేయాలి. నేటి గిటార్లలో ఆ మర తల దగ్గరే ఉంటుంది. తాళంచెవి లాంటిది పెట్టి తిప్పితే పని అయిపోయింది. వింటేజ్ తరహాలో అది మెడ మొదట, ఒంటికి అతుక్కున్నచోట దాగి ఉంటుంది. తీగలు వదులు చేయాలి, నాలుగు స్క్రూలు విప్పాలి, మెడ ఊడదీయాలి, పావు మలుపు తిప్పాలి, మళ్లీ బిగించాలి, తీగలు శ్రుతి చేయాలి, చాలలేదని తెలుసుకోవాలి, మళ్లీ విప్పాలి. జూన్‌లో తొలకరి పడగానే మన వాతావరణం ఈ వ్రతానికి ముహూర్తం పెడుతుంది.

స్విచ్చు కథ మరీ రసవత్తరం. ఈ గిటారుకు తీగల కదలికను పట్టే పికప్‌లు మూడు, 1954 నుంచి స్విచ్చుకు స్థానాలూ మూడే. ఒకసారికి ఒక పికప్ పలకాలని రూపకర్త లెక్క. అయితే వాయించేవాళ్లు స్విచ్చును రెండు స్థానాల మధ్య ఇరికించి రెండు పికప్‌లనూ ఒకేసారి పలికించడం కనిపెట్టారు. ఆ ధ్వని ఎంత నచ్చిందంటే, గిటారు లోకంలో ఈనాటికీ దానికిచ్చే అత్యున్నత ప్రశంస బాతు కూతలా ఉందనడం. చివరికి 1977లో కంపెనీయే అయిదు స్థానాల స్విచ్చు బిగించింది. కథ ఇక్కడితో సుఖాంతం కావాలి. కానీ పాత నమూనాలను మళ్లీ తయారు చేయడం మొదలయ్యాక మూడు స్థానాల స్విచ్చే తిరిగి వచ్చింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అన్నవాడు మన పూర్వీకుడే అయినా, దాన్ని ఫ్యాక్టరీలో ఇంత నిష్ఠగా అమలు చేసింది మాత్రం అమెరికావాళ్లు. ఇందులో ఒక కొసమెరుపు ఉంది: కొన్ని మోడళ్లలో అయిదు స్థానాల స్విచ్చును విడిగా ఒక సంచిలో వేసి గిటారు పెట్టెలోనే పెట్టి ఇచ్చేవారు. పని చేసే వస్తువు సంచిలో, చరిత్ర ఉన్న వస్తువు గిటారులో. ఇంతకంటే నిజాయితీ గల వ్యాపారాన్ని నేను చూడలేదు.

బ్రిడ్జి దగ్గరి పికప్‌కు పాత పద్ధతిలో టోన్ నాబ్ ఉండదు. ఉన్న రెండు నాబ్‌లూ మిగతా రెండు పికప్‌ల సేవలో ఉంటాయి. తీక్షణత తగ్గించాల్సిన ఒక్కదానికే తగ్గించే మార్గం లేదు. గుచ్చుకుంటోందని ఫిర్యాదు చేస్తే అనుభవజ్ఞులు చిరునవ్వు నవ్వి వాల్వ్ ఆంప్లిఫయర్ కొనమంటారు. అది ఇంకో లక్ష రూపాయల వ్యాసం.

హమ్ అనే రొద గురించి మాత్రం తెలుగు పాఠకులకు వివరంగా చెప్పాలి. విదేశీ సమీక్షలు ఇక్కడ మనకు పనికిరావు. ఈ గిటారుకు ఉండేవి ఒంటి చుట్టల పికప్‌లు. అయస్కాంతాల చుట్టూ వెంట్రుకంత రాగితీగను వేల చుట్లు చుట్టిన ఆ వస్తువు తీగల కదలికతో పాటు ఇంట్లో కరెంటు సంచారాన్ని కూడా వినిపిస్తుంది. అమెరికాలో కరెంటు సెకనుకు 60 ఆవృత్తులు. అక్కడ గిటారు రొద పాశ్చాత్య స్వరాల్లో ‘ఏ షార్ప్‌’కు, ‘బీ’కి మధ్య పలుకుతుంది. మన దగ్గర 50 ఆవృత్తులు. రొద ‘జీ’కి కాస్త పైన నిలుస్తుంది. అంటే అక్కడివారు వర్ణించిన హమ్ మనకు రాదు, మన హమ్ వారికి దక్కదు. ఇది ఉచితంగా వచ్చిన శ్రుతిపెట్టె. విద్యుత్ సంస్థ దానికి ప్రత్యేక చార్జీ వేయకపోవడం దాని ఔదార్యం.

గిటారు పట్టుకుని మెల్లగా గుండ్రంగా తిరగండి. ఒక దిక్కున రొద హోరెత్తుతుంది, మరో దిక్కున తగ్గిపోతుంది. ఇది భౌతికశాస్త్రం, చుట్ట ఏ కోణంలో ఉందన్నదాన్ని బట్టి అది పట్టే రొద మారుతుంది. కానీ మన ఇళ్లలో దీన్ని వాస్తు అనడమే సులువు. ట్యూబ్‌లైటు చోక్ ఆగ్నేయంలో, ఫ్యాన్ రెగ్యులేటర్ నైరుతిలో, ఇన్వర్టర్ వాయవ్యంలో ఉన్న గదిలో వాయించేవాడు ఈశాన్యం మూలకు మొహం పెట్టి, గోడతో మాట్లాడుతున్నట్టు నిలబడితే శాంతి లభిస్తుంది. మధ్య పికప్‌ను తిరగేసి చుడితే జంటగా పలికినప్పుడు రొద దానంతటదే రద్దవుతుందని తర్వాతి రోజుల్లో అందరూ నేర్చుకున్నారు. 1962లో ఆ పని చేయలేదు. కాబట్టి మనమూ చేయము.

పికప్ చుట్టడంలో ఇంకో రహస్యం ఉంది. ఆ రోజుల్లో కార్మికులు రాగితీగను చేత్తో నడిపిస్తూ చుట్టేవారు. చుట్లు కాస్త అటూ ఇటూ అయ్యేవి, ఒకదానికొకటి సరిపోలేవి కావు. ఇప్పుడు ఆ అటూ ఇటూనే గొప్ప గుణమని తేలింది. కనుక నాటి అజాగ్రత్తను నేడు అతి జాగ్రత్తగా పునఃసృష్టిస్తున్నారు.

ఈ మహత్తరమైన వస్తువును రూపొందించిన లియో ఫెండర్ కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియోలు బాగుచేసే మనిషి. ఆయనకు గిటారు వాయించడం రాదు. సంస్థను 1965లో ప్రసార సంస్థ సీబీఎస్‌కు కోటీ 30 లక్షల డాలర్లకు అమ్మేశాక ఊరుకోలేదు. కొత్త గిటారు కంపెనీలు మ్యూజిక్ మ్యాన్‌లో, ఆ తర్వాత జీ అండ్ ఎల్‌లో పికప్‌లు మార్చాడు, బ్రిడ్జి మార్చాడు, 1991లో పోయేదాకా తన పాత పనిలోని లోపాలు దిద్దుతూనే ఉన్నాడు. దేవుడే విగ్రహాన్ని చెక్కడం ఇంకా పూర్తి కాలేదంటుంటే భక్తులు ఆయనను పక్కకు జరగమని, దర్శనానికి అడ్డం వస్తున్నాడని అంటున్నారు. ఈ ఒక్క విషయంలో నేను భక్తుల పక్షమే. సృష్టికర్తకు తన సృష్టి గురించి ఏం తెలుస్తుంది?

పలక రోజ్‌వుడ్. పాతవాటికి బ్రెజిల్ రోజ్‌వుడ్ వాడేవారు. 1992లో అంతర్జాతీయ ఒప్పందం దాని వ్యాపారాన్ని కట్టడి చేసింది. అంతకుముందే చాలామంది తయారీదారులు మన దక్షిణాది అడవుల రోజ్‌వుడ్‌కు మళ్లారు. ఆ కొయ్య ఇక్కడినుంచి సముద్రం దాటి, మెట్లు దిగ్గొట్టించుకుని, పాత వేషం కట్టుకుని, కస్టమ్స్ సుంకంతో తిరిగివస్తే మనం దాన్ని నిమిరి ‘ఆహా, విదేశీ కొయ్య’ అంటాం.

చివరకు ధ్వని. నిజం చెప్పాలంటే బాగుంది. మెడ దగ్గరి పికప్ పెట్టి మొదటి తీగను మీటితే అంచు పదునుగా, లోపల గుల్లగా, గాజుగ్లాసును గోటితో తాకినట్టు మోగుతుంది. మందపు తీగలు పియానో మాదిరి తేటగా దిగుతాయి. ఆ ధ్వని పికప్ అయస్కాంతాలది, తీగలది, ఆంప్లిఫయర్‌ది. వాద్యం వయసుకు, చెక్కకు ధ్వనిలో వాటా ఎంతన్నది తేల్చడానికి కొందరు దుస్సాహసం చేశారు. 2010లో ఇండియానాపొలిస్‌లోని ఒక హోటల్ గదిలో 21 మంది వయొలినిస్టులకు వెల్డింగ్ కళ్లద్దాలు తొడిగి మూడు కొత్త వయొలిన్లు, మూడు పాత ఇటాలియన్ వయొలిన్లు ఇచ్చారు. పాతవాటిలో ప్రపంచప్రసిద్ధమైన స్ట్రాడివేరియస్‌లూ ఉన్నాయి. వాసనతో పసిగట్టకుండా గడ్డం ఆనేచోట సువాసన చుక్క కూడా వేశారు. ఇంటికి ఏది తీసుకుపోతారని అడిగితే ఎక్కువమంది కొత్తదాన్నే ఎంచుకున్నారు. 2021లో నాష్‌విల్ గిటారిస్టు ఒకరు ఇంకో అడుగు ముందుకు వేసి, గిటారు చెక్కే లేకుండా రెండు బల్లల మధ్య తీగలు బిగించి, కింద పికప్ పెట్టి వాయించారు. అసలు గిటారుకూ దానికీ తేడా పట్టడం కష్టమైపోయింది.

వయొలిన్ పరీక్షలో ఘోరమైన దోషం ఉందని నేను గట్టిగా వాదిస్తాను. కళ్లకు గంతలు కట్టారు! మన ప్రధాన సాక్షిని కోర్టు బయట నిలబెట్టి విచారణ ముగిస్తే న్యాయం ఎలా జరుగుతుంది? బల్లల విషయంలోనూ అంతే. ఆ బల్లలకు సరైన చోట గీతలు ఉన్నాయో లేదో ఎవరూ పరిశీలించలేదు.

సంప్రదాయాన్ని లెక్కచేయనివారు మన మధ్యా ఉండేవారు. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ మాండలిన్‌కు తరతరాలుగా ఉన్న జంట తీగలను వదిలేసి, అయిదు ఒంటి తీగలతో, ఎలక్ట్రిక్ వాద్యం మీద కర్ణాటక సంగీతం వాయించారు. గమకం పలకాలి కాబట్టి వాద్యాన్నే మార్చేశారు. దాని మీద రంగు ఏ కంపెనీదో, మరలు ఏ సంవత్సరానివో సభలో ఒక్కరూ అడగలేదు. అంతటి అజ్ఞానపు శ్రోతలు ఇప్పుడు దొరకరు.

కొనదలచినవారికి ఒక ఆచరణాత్మక సలహా. ఈ గిటారు గట్టి పెట్టెలో, లోపల మెత్తని మఖ్మల్ పరుపు మీద వస్తుంది. దాన్ని అందులోనే ఉంచండి. పిల్లలను తాకనివ్వకండి. బెల్టు పెట్టుకున్న స్నేహితుడు వాయిస్తానంటే ముందు బెల్టు విప్పించండి. పూత మీద పగుళ్లు, పెచ్చులు, గీతలు సాధారణంగా వారంటీ కిందికి రావు. అంటే కంపెనీ గీసిన గీతకూ మీరే కట్టాలి, మీరు గీసిన గీతకూ మీరే కట్టాలి. రేపు అమ్మబోతే వచ్చినవాడు దీపం కిందికి జరిపి, వీపు తిప్పి చూసి, మొదట అడిగేది ఒక్కటే: వీటిలో కంపెనీ గీతలు ఏవి, మీవి ఏవి? కంపెనీవాటికి ధర కడతాడు. మీవాటికి తగ్గింపు అడుగుతాడు.