జాతీయ ఉపవాస పశ్చాత్తాప దినం గారికి

మహారాజశ్రీ జాతీయ ఉపవాస, పశ్చాత్తాప, ప్రార్థనా దినం గారి సముఖానికి నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి అనడానికి లేదు. కుశలంగా ఉన్న కాలంలో తమరు ఇటువైపు రారు కదా. యుద్ధమో, కలరానో, కరువో వచ్చి, దేశమంతా పస్తుండి పాపాలు ఒప్పుకోవాలని ఏలినవాళ్లు ప్రకటిస్తేనే తమరి దర్శనం.

నిన్న మధ్యాహ్నమంతా తమరి పాత ప్రకటనలు ముందేసుకుని కూర్చున్నాను. రాజులవీ, రాణులవీ, అధ్యక్షులవీ. వెతికింది ఒకే ఒక్క వాక్యం కోసం. కింద సంతకం పెట్టిన పెద్దమనిషి ‘ఈ తప్పు నేను చేశాను’ అని రాసుకున్న వాక్యం. పూట గడిచిపోయింది, ఆ వాక్యం మాత్రం దొరకలేదు. ఆ ధ్యాసలో పడి భోజనం కూడా మరిచాను. దాన్ని తమరి ఖాతాలో జమ వేసుకోండి.

చిల్లర ఫిర్యాదులు ముందు చెప్పేస్తాను. 1642 నుంచి ఇంగ్లండ్ పార్లమెంటు నెలనెలా చివరి బుధవారం ఉపవాసం పెట్టింది. దానితో యుద్ధం చేస్తున్న మొదటి చార్లెస్ రాజు ఊరుకుంటాడా? మరుసటి ఏడాది తన వాళ్లకు రెండో శుక్రవారం ఖరారు చేశాడు. దేవుడొక్కడే, డేట్లు రెండు. ఎవరు ఏ వారం పస్తున్నారో చూసి ఏ పార్టీయో చెప్పెయ్యొచ్చు. అమెరికా రెండో అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ 1798లో, 1799లో తమర్ని పిలిపించుకున్నాడు. ఆపైన ఎన్నికల్లో ఓడిపోయి, తన పదవి ఊడగొట్టింది ఆ ఉపవాసమేనని ఏళ్ల తర్వాత ఉత్తరంలో వాపోయాడు. జర్మనీలో మరీ అన్యాయం. మంచాన పడ్డవాళ్ల దీర్ఘకాలిక సంరక్షణ బీమాకు యజమానులు కట్టే వాటాకు బదులుగా 1995 నుంచి తమరి సెలవు పీకేశారు. ఒక్క సాక్సనీ రాష్ట్రం మాత్రం తమర్ని ఉంచుకుంది. అందుకు అక్కడి ఉద్యోగులు ఆ బీమాకు మిగతావాళ్లకంటే ఎక్కువ కడుతున్నారు. పశ్చాత్తాపానికి ఒక రేటంటూ పలికింది అక్కడే.

1832లో ఇంగ్లండులో కలరా. మార్చి 21న దేశమంతా కడుపు మాడ్చుకుని పాపాలు ఒప్పుకోవాలని ఉత్తర్వు. ఏడాది పొడుగునా మేం చేసేది అదేగా అంటూ లండన్ కార్మికులు సరిగ్గా ఆ రోజే ఊరేగింపు తీసి, ఆ తర్వాత కూర్చుని భోంచేశారు. విలియం లవెట్ లాంటి నాయకుల్ని పట్టుకెళ్లి కేసు పెడితే జ్యూరీ వదిలేసింది. పాపం ఎవరిదయ్యా అంటే అందరిదీనట. మురికి నీళ్లు మాత్రం ఆ కార్మికులవే. 1853లో మళ్లీ కలరా భయం. ఎడింబరో మతపెద్దలు తమరి కోసం కబురంపితే హోం మంత్రి పామర్‌స్టన్, ముందు పేదవాళ్లుండే చోట్లు శుభ్రం చేయించండని జవాబిచ్చాడు. తమరి చరిత్రలో నాకు బాగా నచ్చిన పేజీ, తమరు రాని ఆ పేజీయే.

ఇక నాకు మింగుడుపడనిది. 1857 అక్టోబర్ 7, బుధవారం.

ఇక్కడ సిపాయిలు తిరగబడ్డారు. అక్కడ విక్టోరియా రాణి తమర్ని ప్రకటించింది. లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో పేరుమోసిన బోధకుడు స్పర్జన్ ప్రసంగం వినడానికి 23 వేల మందికి పైగా వచ్చారు. ఇండియాలో నష్టపోయిన తమ వాళ్ల కోసం చందాలు పోగయ్యాయి. మంచిదే. కానీ ఏ పాపం చేశామని ఏడ్చారండీ? ముందటేడే అవధ్ రాజ్యాన్ని మింగినందుకా? కంపెనీ దురాశను దెప్పిన బోధకులు లేకపోలేదు, కాదనను. చాలా వేదికల మీద మోగిన పాట మాత్రం వేరు. ఇండియాను క్రైస్తవంలోకి మార్చే పనిలో కంపెనీ బద్ధకించిందట, అదీ పాపం! ఇల్లు దోచిన దొంగ, దోచినందుకు కాకుండా, ఇంటివాళ్లకు నాలుగు మంచి మాటలు చెప్పకుండా వచ్చేసినందుకు చెంపలేసుకున్నట్టుంది.

అప్పటికి ఢిల్లీ మళ్లీ వాళ్ల చేతికి చిక్కి రెండు వారాలు దాటింది. ఆ కబురు ఇంకా లండన్ చేరలేదంతే. వాళ్లు మోకాళ్ల మీద గెలుపు కోసం వేడుకుంటున్న రోజున, ఢిల్లీ నుంచి తరిమేసిన జనం ఊరి బయట తిండి లేక పడి ఉన్నారు. ఆ పస్తులు ఏ గెజిట్‌లోనూ ఎక్కలేదు. ఆ రోజు నీ పేరు మీద ఎన్ని గంటలు మోగాయో! సిగ్గనిపించలేదూ నీకు?

అవును, ‘నీకు’ అనే అన్నాను. ఇంక తమరూ గిమరూ నావల్ల కాదు.

తిలాపాపం తలా పిడికెడు. ఇదేగా నీ వ్యాపారం? యుద్ధం కావాలన్నది గుప్పెడు మంది. పన్ను వేసిందీ, గిడ్డంగికి తాళం వేసిందీ వాళ్లే. పాపం పంచే వేళకు చంకలో పిల్లతో సహా అందరికీ వాటా. పైగా సమానంగా! సొమ్ము ఏనాడైనా ఇంత సమానంగా పంచారా?

నీ వంశంలో పాతవాళ్లు ఇలా లేరు. బైబిల్లోని నీనెవె నగరం కథలో రాజు సింహాసనం దిగి, గోనెపట్ట కట్టుకుని, బూడిదలో కూర్చున్నాడు. పశువులకు కూడా మేత, నీళ్లు ఆపించాడు. అవేం పాపం చేశాయో నాకిప్పటికీ అర్థం కాదు, అయినా ముందు దిగింది తనే. తర్వాతి ఏలికలు ఆ కథలో పశువుల భాగం ఒక్కటే నేర్చుకున్నారు.

లింకన్ సంగతి తెస్తావని తెలుసు. అమెరికా అంతర్యుద్ధంలో, 1863 మార్చి 27న దక్షిణాది తరఫున జెఫర్సన్ డేవిస్, ఏప్రిల్ 30న ఉత్తరాది తరఫున లింకన్, ఇద్దరూ నిన్నే పిలిచారు. నువ్వు ఇద్దరిళ్లకీ వెళ్లావు. లింకన్ ప్రకటన బాగుంటుంది, ఒప్పుకుంటాను. వరస విజయాలతో మత్తెక్కి దేవుణ్ణి మరిచామంటాడు. బానిసత్వం ఊసు మాత్రం అందులో ఎంత వెతికినా కనబడదు. ఆ పాపాన్ని పేరు పెట్టి పిలిచి, దక్షిణంతో పాటు ఉత్తరానికీ అంటగట్టింది 1865 మార్చిలో, రెండోసారి ప్రమాణం చేసిన రోజున. ఆ ఘనత నీ పద్దులో పడదు.

ఒక్కచోట నీ మీద కోపం కాస్త చల్లారుతుంది. 1919 ఏప్రిల్ 6న రౌలట్ చట్టానికి వ్యతిరేకంగా దేశమంతా ఉపవాసం, ప్రార్థన, హర్తాళ్. ఆ తర్వాతి రోజుల్లో అహ్మదాబాదులో జనం హింసకు దిగారు. గాంధీ అక్కడికొచ్చి, ఏప్రిల్ 14న ప్రాయశ్చిత్త ఉపవాసం ప్రకటించాడు. జనానికి ఒక్క రోజు, తనకు మూడు రోజులు. లెక్క అర్థమైందా? పిలుపు ఇచ్చినవాడికి మూడింతలు.

కాబట్టి మళ్లీ ఎవరైనా కష్టకాలంలో నీకు కబురంపితే, ‘అయ్యా, తమరి వంతు ఎన్ని రోజులు?’ అని సంతకం పెట్టకముందే అడుగు. నీళ్లు నమిలాడంటే వెనక్కి తిరిగి వెళ్లిపో. మాకు బోలెడు పనులున్నాయి, అవి తిన్నాకే చేసుకోవాలి.

ఇట్లు,
ఏ ప్రకటన మీదా సంతకం లేకపోయినా, అన్ని పాపాల్లోనూ వాటా పడిన ఒకడు